ఓడలో ఒక్క రాత్రి కోసం

మా పటమట గుండా పోయే రోడ్డును బందరు రోడ్డు అంటారు. ఆటోనగర్‌ను ఒక పక్కన వదిలి, కానూరు, పోరంకి, పెనమలూరు మీదుగా అది మచిలీపట్నం చేరుతుంది. అక్కడి నుండి ఇంకొంత దూరం పోతే మంగినపూడి, ఆ తరువాత సముద్రమే. యాభై దాటిన వయస్సు వరకు సముద్రంతో మా పరిచయం ఆ మంగినపూడి ఇసుక దగ్గరే ఆగిపోయింది. బంధువులు వచ్చినప్పుడు పిల్లలను వెంటబెట్టుకుని పోవడం, పాదాలు తడుపుకోవడం, అసర్ నమాజు ఆ ఇసుక మీదే చేసుకుని చీకటి పడకముందే బస్సు ఎక్కడం, అంతే. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇదే బందరు నుండి ఎర్ర సముద్రం వైపు ఓడలు సాగేవని, వాటిలో హజ్ యాత్రికులు కూడా పోయేవారని, మన అద్దకం బట్ట తూర్పున మలయా తీరాల దాకా చేరేదని మదరసా పిల్లలకు చెబుతూ వచ్చాము. మేము కూడా ఒకనాడు ఓడ ఎక్కుతామని మాత్రం తలంచలేదు.

అల్లాహ్ అనుగ్రహంతో గత సంవత్సరం ఎక్కాము. మా అల్లుడు సింగపూరులో ఉద్యోగం చేస్తున్నాడు. తమ పెళ్లయి ఆరేళ్లు నిండిన సందర్భంలో ఇరువైపుల తల్లిదండ్రులనూ కూర్చోబెట్టి ఐదు రాత్రుల ఓడ ప్రయాణం చేయించాలని అతనికి కోరిక కలిగింది. సింగపూరులో బయలుదేరి, పెనాంగ్, ఫుకెట్ చూపించి మళ్లీ సింగపూరుకే తెచ్చే విహార నౌక అది. మొదట మేము వద్దన్నాము. అటువంటి ఓడలలో జూదశాల ఉంటుంది, మద్యం ఉంటుంది, మదరసాలో పాఠం చెప్పుకునే మాకు అక్కడ పనేమిటని అడిగాము. అమ్మాయి నెమ్మదిగా, “అబ్బా, మీరు రోజూ మదరసాకు పోయే దారిలో రెండు బార్లు ఉన్నాయి. వాటి ముందు నుండి తల వంచుకుని పోవడం లేదూ? ఓడలోనూ అలాగే పోదాం. అన్ని అంతస్తుల్లో ఆ రెండు మూడు చోట్లకు మనం పోకపోతే సరి” అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. మనుమరాలి ముఖం కూడా మా వాదనను బాగా బలహీనపరచింది.

ఇది దూరదేశపు వారి ముచ్చట అని పాఠకులు అనుకోవద్దు. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విహార నౌక మన విశాఖపట్నానికి వచ్చి, ఇక్కడి వారిని పుదుచ్చేరి, చెన్నై వైపు తీసుకుపోయింది. మరుసటి సంవత్సరం విశాఖ రేవులో ఇటువంటి ఓడల కోసమే ఒక టెర్మినల్ ప్రారంభమయింది. ఇవాళ మాకు ఎదురైన చిక్కు రేపు ఏ గుంటూరు ఇంటికో, ఏ ఏలూరు ఇంటికో ఎదురు కావచ్చు. ఆ చిక్కు టిక్కెట్టుది కాదు. టిక్కెట్టు అల్లుడే కొన్నాడు. చిక్కు బట్టలతో వచ్చింది.

ప్రయాణానికి రెండు నెలల ముందు అమ్మాయి ఫోనులో ఒక కాగితం పంపింది. అందులో డ్రెస్ కోడ్ అనే శీర్షిక క్రింద, ఐదు రాత్రులలో ఒక రాత్రి ‘ఫార్మల్ నైట్’ అని ఉన్నది. ఆ రాత్రి ప్రధాన భోజనశాలకు వచ్చేవారు లాంఛనమైన దుస్తులలో రావాలట. పక్కనే ఒక బొమ్మ. నల్లకోటు, తెల్లచొక్కా, మెడలో సీతాకోకచిలుక వంటి టై కట్టుకున్న దొర ఒకరు, ఆయన ప్రక్కన భుజాలు కప్పని పొడుగు గౌనులో దొరసాని ఒకరు. ఆ బొమ్మను చూసి మా శ్రీమతి ఫోను బోర్లించి పెట్టింది. “నేను గదిలోనే ఉంటాను. మీరు పోయి తిని రండి” అన్నది.

ఆమె గదిలో ఉంటానన్న మాట కన్నా మాకు మరొక సంగతి గుచ్చుకుంది. వియ్యాలవారు కూడా వస్తున్నారు. వియ్యంకులు గుంటూరులో వ్యాపారం చేసేవారు, మాకంటే నాలుగు మెట్లు పైన ఉన్నవారు. వారు సూటు వేసుకుని వస్తారన్నది నిశ్చయం. వారి ఎదుట, అల్లుడి ఎదుట, పైజామా లాల్చీతో మమ్మల్ని గుమ్మం దగ్గర ఎవరైనా ఆపితే? ఆపి, అల్లుడు పోయి బతిమాలుకోవలసి వస్తే? ఆ ఊహతో రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు. అల్లుడికి చెబితే బట్టలు కూడా అతనే కొంటాడు. అది మాకు ఇష్టం లేదు. టిక్కెట్టు ప్రేమతో పెట్టిన కానుక. బట్టలు కూడా అడిగి పెట్టించుకుంటే అది మరొకటి అవుతుంది.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. మా ఇంటి బీరువాలో ఒక రేకు డబ్బా ఉన్నది. పదకొండు సంవత్సరాలుగా మేమిద్దరమూ హజ్ కోసం అందులో నెలనెలా ఎంతో కొంత వేస్తున్నాము. ఎంత వేసినదీ మూత లోపల అతికించిన కాగితం మీద మా శ్రీమతి పెన్సిలుతో రాస్తుంది. 2023లో మన గన్నవరం నుండే హజ్ విమానాలు బయలుదేరినప్పుడు ఆ డబ్బాను చూసి ఇక ఎంతో దూరం లేదనుకున్నాము. ఆ డబ్బాలో నుండే మూడు వేల రూపాయలు తీసుకుని, ఇంట్లో చెప్పకుండా, ఒక పెద్ద బట్టల షోరూముకు పోయాము.

అక్కడి కుర్రవాడు మర్యాదస్థుడే. ఓడ అనగానే నల్లసూటు తీసి చూపించాడు. కోటు, లోపలి వెయిస్టుకోటు, ప్యాంటు కలిపి పద్దెనిమిదిన్నర వేలు. నెలనెలా కట్టుకోవచ్చు, వడ్డీ లేదు, కేవలం ప్రాసెసింగు రుసుము అన్నాడు. పేరు మార్చుకున్న వడ్డీని గుర్తుపట్టలేనంత అమాయకులం కాము గనుక వాయిదాలు వద్దన్నాము. కోటు కాలరు మడత నిగనిగలాడుతున్నది. పురుషులకు పట్టు తగదన్నది మా మొదటి తరగతి పిల్లవానికి కూడా తెలిసిన మస్అలా. “ఇది పట్టు కాదు గదా బాబూ?” అని అడిగాము. “ఈ రేటుకు పట్టు ఎక్కడిది సార్, పాలిస్టర్” అన్నాడు. నిజమైన డిన్నర్ జాకెట్లకు ఆ మడత మీద పట్టు వేయడం పాత ఆచారమని ఆ తరువాత తెలిసింది. ధర తగ్గేకొద్దీ బట్ట ధర్మసమ్మతం కావడం మాకు కొంత ఊరట కలిగించిన మాట నిజం. మూడు వేలు బయానా కట్టి, మిగతాది నెల తిరగకముందే ఇస్తామని రశీదు తీసుకుని వచ్చాము. రశీదు వెనుక చిన్న అక్షరాలలో ఏమున్నదో చూడలేదు.

ఆ వారమే మదరసాలో పెద్ద పిల్లలకు ఇస్రాఫ్ గురించిన పాఠం వచ్చింది. తినడంలో, తొడగడంలో హద్దు దాటడం గురించి, పేరు కోసం, పదిమంది చూపు కోసం ధరించే వస్త్రాన్ని దైవప్రవక్త (స) వారించిన విషయం గురించి చెప్పవలసిన పాఠం. ఎన్నో ఏళ్లుగా చెబుతున్నదే. ఆ రోజు మాత్రం పుస్తకం నుండి తల ఎత్తకుండా చెప్పి గంట కొట్టించాము.

చిక్కు విడదీసినది మా పొరుగింటి ఇంటరు చదివే అబ్బాయి. అమ్మాయి పంపిన కాగితం మొత్తం ఒకసారి చదివి చెప్పమని అడిగాము. బొమ్మ క్రింద, అన్నింటికంటే చివర, సన్నని అక్షరాలలో రెండు వాక్యాలున్నాయి. తమ తమ దేశాల లాంఛన దుస్తులు ధరించవచ్చునన్నది ఒకటి. ఆ రాత్రి అలంకరించుకోవడానికి ఇష్టపడనివారు పై అంతస్తులోని బఫే శాలలో మామూలు దుస్తులతో భోజనం చేయవచ్చు, అందుకు వేరే రుసుము లేదన్నది రెండవది. మా విద్య అంతా హాషియా చదవడంలోనే గడిచింది. మూలం కన్నా అంచున రాసిన వ్యాఖ్యలోనే అసలు సంగతి ఉంటుందని ముప్పై సంవత్సరాలుగా పిల్లలకు చెబుతున్నాము. మా దగ్గరికి వచ్చిన కాగితం మీద మాత్రం బొమ్మ చూసి ఊరుకున్నాము.

ఈ నియమం మా ఓడకే ప్రత్యేకమైనది కాదు. లాంఛన వస్త్రాల విషయంలో గట్టి పట్టుదల కలదని పేరున్న క్యూనార్డ్ సంస్థ కూడా తన గాలా రాత్రులకు టక్సీడో, ముదురు రంగు సూటుతో పాటు దేశీయ లాంఛన దుస్తులను అంగీకరిస్తుంది. ఒకప్పుడు సముద్రం దాటించే పెద్ద ఓడలలో మొదటి తరగతి వారి భోజనశాల వేరు, మూడవ తరగతి వారిది వేరు. నల్లకోటు మొదటి తరగతి వారి ఆచారం. తరగతుల గోడలు పోయి భోజనశాల ఒకటయిన తరువాత ఆ కోటు మాత్రం ఒక వేడుకగా మిగిలింది. నార్వీజియన్ వంటి సంస్థలు అదీ అక్కరలేదని ఎప్పుడో వదులుకున్నాయి. మన పొరుగున చెన్నైలో 2014లో పంచె కట్టుకుని వచ్చిన ఒక న్యాయమూర్తిని ఒక క్లబ్బువారు లోపలికి రానివ్వకపోతే, తమిళనాడు శాసనసభ ఆ ఏడాదే అటువంటి అడ్డగింపును నిషేధిస్తూ చట్టం చేసింది. మన నేల మీద చట్టంతో తేవలసి వచ్చిన వెసులుబాటును, పరాయి ఓడవారు తామే కాగితం అడుగున రాసి పెట్టారు.

మరి మన దేశీయ లాంఛన దుస్తులు ఏవి? పెట్టె తెరిస్తే అడుగున నల్ల షేర్వానీ ఉన్నది. అమ్మాయి నికాహ్ రోజున వేసుకుని, మడిచి, కర్పూరపు ఉండలు వేసి దాచినది. వేసుకుని చూస్తే బొత్తాలు కాజాల దాకా చేరలేదు. ఆరు సంవత్సరాల దాల్చా, బగారా ఆ నడుమ నిలిచి ఉన్నాయి.

షేర్వానీని సంచిలో పెట్టుకుని పటమటలోనే ఉన్న దర్జీ దగ్గరికి పోయాము. ఆయన దానిని లోపలి వైపు తిప్పి, పక్క కుట్లను వేలితో తడిమి నవ్వాడు. “హజ్రత్, రెండు పక్కలా అంగుళంన్నర చొప్పున గుడ్డ లోపల వదిలి కుట్టాను. ఏదో ఒక రోజు మీరు వస్తారని నాకు తెలుసు” అన్నాడు. కుట్లు విప్పి వదులు చేసినందుకు 350 రూపాయలు. బంగారు రంగు బొత్తాలు పెళ్లి వేషంగా ఉన్నాయని చెప్పి, వాటిని తీసి గుడ్డ చుట్టిన నల్ల బొత్తాలు వేసినందుకు 120. ప్యాంటుకు గుడ్డ వన్‌టౌన్ వస్త్రలతలో తెచ్చుకోమన్నాడు. కుట్టుకూలితో కలిపి 975 అయింది. చీలమండ పైకి ఉండేలా కుట్టమని మేము చెప్పకముందే ఆయన గుర్తు పెట్టుకున్నాడు. నూలు గుడ్డ తీసుకోవద్దు, పెట్టెలో నలుగుతుంది, పాలిస్టర్ కలిసినది తీసుకోండి అని ఆయన ఇచ్చిన సలహా విలువ ఓడలో తెలిసింది.

మా శ్రీమతికి సంగతంతా చెప్పవలసిన రోజు అదే. డబ్బా విషయం కూడా. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి, బీరువా తెరిచి, మూత లోపలి కాగితం మీద మూడు వేలు తీసివేసి అంకె దిద్దింది. అంతకంటే పెద్ద మందలింపు మాకు ఈ పెళ్లి జీవితంలో గుర్తు లేదు. షోరూముకు పోయి అడిగితే బయానా తిరిగి ఇవ్వడం తమ పద్ధతి కాదన్నారు, కావాలంటే అంతకు సరుకు తీసుకోమన్నారు, అక్కడ మాకు పనికివచ్చే సరుకు ఏదీ ఆ ధరలో లేదు. రశీదు వెనుక అదే రాసి ఉన్నది.

ఆమె తన దుస్తుల సంగతి తానే చూసుకున్నది. వస్త్రలతలో ముదురు నీలం గుడ్డ తీసుకుని, మెడ నుండి పాదాల వరకు వచ్చే వదులైన అబాయా ఇంటి మిషను మీదే కుట్టుకున్నది. పాత మంగళగిరి చీర ఒకటి నడుమ చిరిగిపోయి ఉన్నది, దాని జరీ అంచు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ అంచును విడదీసి చేతుల చివర, క్రింద చుట్టూ అతికించింది. గుడ్డ, దారం, తలకు కట్టుకునే కొత్త స్కార్ఫు అన్నీ కలిపి 1,280. అదే అబాయా మీద స్కార్ఫు మారిస్తే మిగతా నాలుగు రాత్రులకు మరొక దుస్తు అయింది. ఇద్దరి ఖర్చు మొత్తం 2,725 రూపాయలు. చెప్పులు, బూట్లు పాతవే, పాలిష్ మాత్రం కొత్తది.

పినాకినిలో చెన్నై చేరి, అక్కడి నుండి రాత్రి విమానంలో సింగపూరు వెళ్లాము. రేవులో పెట్టెల తనిఖీ దగ్గర మా శ్రీమతి ముందుచూపుతో తెచ్చుకున్న ఇస్త్రీ పెట్టెను పక్కన పెట్టి చీటీ ఇచ్చారు. గదులలో ఇస్త్రీ పెట్టెలు వాడితే నిప్పు ప్రమాదమట, దిగేటప్పుడు తిరిగి ఇస్తారట. ఓడలోనే ఇస్త్రీ చేసిపెడతారు గాని, ఒక కోటుకు వారు అడిగే డాలర్లతో పటమటలో నెల రోజుల ఇస్త్రీ జరుగుతుంది. గది చూసుకునే ఫిలిప్పీన్స్ కుర్రవాడు ఉపాయం చెప్పాడు. స్నానాల గదిలో వేడినీళ్లు వదిలి, తలుపు మూసి, ఆ ఆవిరిలో బట్టలను హ్యాంగరుకు వేలాడదీయమన్నాడు. అరగంటలో షేర్వానీ ముడతలు చాలావరకు పోయాయి. నూలు గుడ్డ అయితే ఆవిరికి లొంగేది కాదు. దర్జీని తలచుకుని దువా చేశాము.

నమాజు సంగతి చదువరులు అడుగుతారని తెలుసు. గదిలోని టీవీలో ఓడ ఎక్కడ ఉన్నదీ, ఎటు పోతున్నదీ పటం మీద చూపిస్తూ ఉంటారు, దానిని బట్టి ఖిబ్లా చూసుకున్నాము. ఓడ మలుపు తిరిగిన కొలదీ మా జానమాజు కూడా గదిలో తిరిగింది. భోజనంలో చేపలు, కూరగాయల వంటలు ముందే అడిగి పెట్టుకున్నాము. అంతకుమించి ఆ విషయంలో చెప్పుకోదగినది లేదు.

లాంఛనపు రాత్రి రెండవ రోజున వచ్చింది. మగ్రిబ్ అయిన తరువాత షేర్వానీ తొడిగి, టోపీ పెట్టుకుని, మనుమరాలి చేయి పట్టుకుని భోజనశాల మెట్లు దిగుతున్నప్పుడు గుండె చప్పుడు మాకే వినిపించింది. గుమ్మం దగ్గర నిలిచిన యువతి మమ్మల్ని చూసి, చిరునవ్వుతో గది నంబరు అడిగింది. అంతే. రెండు నెలలు నిద్ర చెడగొట్టిన గుమ్మం అది, దాటడానికి మాకు పట్టినది ఆరు అడుగులు. లోపల చూస్తే నల్లసూట్లు సగం కంటే తక్కువే. చీనా స్త్రీలు పొడుగు మెడల చియోంగ్‌సామ్‌లలో ఉన్నారు. ఒక మలయ్ కుటుంబం పురుషులు బాజూ మెలాయు తొడిగి, నడుముకు జరీ నేత సొంగ్‌కెత్ చుట్టుకుని, తలకు నల్ల సొంగ్‌కోక్ టోపీలతో మెరిసిపోతున్నారు. వారిలో పెద్దాయన మా షేర్వానీని చూసి లేచి సలాము చెప్పాడు. కెమెరాలు పట్టుకున్న ఓడ ఉద్యోగులు ప్రతి బల్ల దగ్గరికి వచ్చి ఫొటోలు తీశారు. మరునాడు వాటిని గోడకు పెట్టి అమ్ముతారు. ధర చూసి మా అల్లుడే వెనక్కు తిరిగాడు. అమ్మాయి తన ఫోనులో తీసినదే మా ఇంట్లో ఉన్నది.

వియ్యంకులు మా ఎదుటి కుర్చీలో కూర్చున్నారు. సూటు వేసుకున్నారు, టై కూడా. వేలు పెట్టి కాలరును మాటిమాటికి లాగుకుంటున్నారు. సూపు ముగిసిన తరువాత మా వైపు వంగి, “మౌలానా, మీరు షేర్వానీతో వస్తారని తెలిస్తే నేనూ అదే వేసుకునేవాణ్ణి. ఇది గుంటూరులో అద్దెకు తెచ్చాను, మా అబ్బాయికి చెప్పకండి” అన్నారు. అద్దెకు ఎంత అని అడగలేదు. వారి ఎదుట చిన్నబోతామని మేము, మా ఎదుట తక్కువ కనబడతామని వారు, ఇద్దరమూ పిల్లలకు తెలియకుండానే ఏర్పాట్లు చేసుకున్నాము. ఆ రాత్రి తరువాత ఆయన మమ్మల్ని ‘మౌలానా’ అని పిలవడం మాని ‘భాయ్‌సాబ్’ అనడం మొదలుపెట్టారు.

మరునాడు పొద్దున డెక్కు మీద ఒక పెద్దావిడ తెలుగులో మందలిస్తున్న గొంతు వినిపించి ఆగాము. తెనాలి దగ్గరి పల్లెవారు. కుమారుడు పంపగా భార్యాభర్తలు ఇద్దరే వచ్చారు. మాటలలో గత రాత్రి భోజనం ప్రస్తావన వచ్చింది. “మేము క్రిందికి పోలేదండీ. సూటు లేనిదే రానివ్వరన్నారు. పైన పెరుగన్నం లాంటిదేదో దొరికితే తిని పడుకున్నాం” అన్నారు ఆ పెద్దాయన. రానివ్వరని చెప్పినదెవరని అడిగితే, ఎవరూ చెప్పలేదు, బొమ్మ చూసి అనుకున్నామన్నారు. ఆవిడ పెట్టెలో రెండు కంచి పట్టుచీరలు ఉన్నాయట. ఆయన దగ్గర తెల్లని పంచె, పట్టంచు కండువా. ఆ రెండింటినీ మించిన లాంఛనం ఆ భోజనశాలలో ఎవరి ఒంటి మీదా మేము చూడలేదు. ఆ మాటే చెప్పాము. “ముందు తెలిస్తే బాగుండేది బాబూ, ఉన్నది ఆ ఒక్క రాత్రే గదా” అన్నది ఆవిడ. బఫే భోజనం తక్కువదని కాదు, రుచి మాకైతే అదే నచ్చింది. కానీ తమ ఇష్టంతో పైకి పోవడం వేరు, భయంతో పోవడం వేరు. ఈ వ్యాసం రాయాలన్న ఆలోచన ఆ డెక్కు మీద పుట్టినదే.

పెనాంగ్‌లో ఓడ స్వెటెన్‌హామ్ రేవులో ఆగింది. అక్కడి నుండి జార్జ్‌టౌన్ పాతబస్తీలోని కపితాన్ కెలింగ్ మస్జిదు నడక దూరమే. దక్షిణ భారతదేశం నుండి పోయిన ముస్లిం వర్తకులు పంతొమ్మిదవ శతాబ్దపు తొలి రోజులలో నిర్మించుకున్నది. కెలింగ్ అన్న మాట మన తూర్పు తీరపు కళింగ నుండి పుట్టినదని చెబుతారు. ఇప్పుడు అక్కడి భారతీయులు ఆ మాటతో పిలిస్తే కించపడతారు, మస్జిదు పేరులో మాత్రం అది గౌరవంగానే మిగిలింది. జుహర్ వేళకు చేరాము. మస్జిదు చూడడానికి ఓడ దిగి వచ్చిన పర్యాటకులు చాలామంది ఉన్నారు, పొట్టి నిక్కర్లలో, చేతులు లేని చొక్కాలలో. అక్కడ కూడా వస్త్ర నియమం ఉన్నది. ద్వారం దగ్గర పొడుగు అంగీల వరుస వేలాడుతున్నది. ఒక వ్యక్తి వచ్చినవారి ఎత్తు చూసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క అంగీ, స్త్రీలకు తలగుడ్డతో సహా అందిస్తున్నాడు. పైసా తీసుకోవడం లేదు. గత రాత్రి నల్ల టక్సీడోలో చూసిన తెల్లవారొకరు ఆ అంగీ తొడుక్కుని, బొత్తాలు ఎటు పెట్టాలో తెలియక తికమకపడుతుంటే, ఆ వ్యక్తి వంగి తానే పెట్టాడు. మేము ఖస్ర్ నమాజు ముగించుకుని వచ్చేసరికి ఆయన అంగీ మడిచి తిరిగి ఇస్తున్నాడు.

ఆ సాయంత్రం ఓడ తిరిగి కదిలినప్పుడు మా నానాగారు గుర్తుకు వచ్చారు. మా తల్లిగారి తండ్రి. 1970ల మొదట్లో బెజవాడ నుండి రైలులో బొంబాయి చేరి, అక్కడి సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానాలో రోజుల తరబడి వంతు కోసం ఆగి, ఓడలో జిద్దా చేరినవారు. 1995తో ముంబయి నుండి ఆ హజ్ ఓడలు ఆగిపోయాయి, ఇప్పటి పిల్లలకు అవి కథలే. నానాగారు చెప్పిన వాటిలో మాకు బాగా గుర్తున్నది యలమ్‌లమ్ ముచ్చట. హిందుస్థానం నుండి సముద్రం మీద పోయేవారికి మీఖాత్ అదే. అది సమీపిస్తున్నదని ఓడ కూత వేయగానే అందరూ గుసుల్‌కు లేచారట. పైన గదులలో ప్రయాణించే జమీందార్లూ, క్రింద డెక్కు మీద ట్రంకుపెట్టె పక్కనే పడుకున్న నానాగారి వంటివారూ, గంట తిరిగేసరికి పురుషులందరి ఒంటి మీద కుట్టు లేని రెండేసి తెల్లగుడ్డలే. “అంతవరకు నాతో అన్నం తిననివాడు నా పక్కన నిలబడి లబ్బైక్ అంటున్నాడురా, వాడెవడో నాకు గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది” అనేవారు. ఆ రెండు గుడ్డలు బెజవాడలోనే కొన్నారట, వెల ఎంతో ఆయనకు చివరి దాకా జ్ఞాపకముండేది, మాకే గుర్తు లేదు.

డెక్కు అంచున నిలబడి ఈ ముచ్చట మా శ్రీమతికి మళ్లీ చెప్పాము. ఎన్నోసార్లు విన్నదే. విని, కాసేపు నీటి వైపు చూసి, “డబ్బాలో ఆ మూడు వేలు ఎన్ని నెలల్లో పెడతారు?” అని అడిగింది. ఆరు నెలలన్నాము. నాలుగు చేయమన్నది.

దిగేటప్పుడు చీటీ చూపించి ఇస్త్రీ పెట్టె తీసుకున్నాము. పటమట చేరిన మూడవ రోజున షేర్వానీని ఆరబెట్టి, దర్జీకి చూపించి, మళ్లీ పాత కొలతకు బిగించాలా అని అడిగాము. ఆయన మమ్మల్ని ఒకసారి పైనుండి క్రిందికి చూసి అక్కరలేదన్నాడు. అది ఇప్పుడు పెట్టె అడుగున, కర్పూరపు ఉండల మధ్య ఉన్నది. డబ్బా మూత లోపలి కాగితం మీద మొన్న నెల మొదట్లో మూడవ వాయిదా రాసింది మా శ్రీమతి. ఇంకొకటి ఉన్నది.